మూడంతస్తులు, రెండు బకెట్లు

ఇంట్లో నా బట్టలకు వేరే బకెట్టు ఉంది. నీలం రంగుది, అంచు పగిలింది, స్నానాలగది తలుపు వెనక ఉంటుంది. అందరి బట్టలూ ఉతికి, పిండి, ఆరేసి, ఒంట్లో ఓపిక అడుగంటాక దాని దగ్గరికి వస్తాను. "దాని బట్టలు మా బట్టల్లో కలపకండి, పెట్రోలు బంకులో పడుకుని లేచినట్టుంటుంది" అని మా అత్తయ్య పెట్టిన నియమం అది. తొమ్మిదేళ్లయింది. మొదట్లో ఏడుపొచ్చేది, తర్వాత అలవాటైపోయింది. ఆ వాసన నా ముక్కుకు తెలియడం మానేసి కూడా చాలా కాలమైంది. విచిత్రమేమిటంటే, నేను పనిలోంచి చిన్న సీసాలో తెచ్చే పెట్రోలంటే మాత్రం ఇంట్లో ఎవరికీ రోత లేదు. ఫ్యాను రెక్కల జిడ్డుకు అదే, మా ఆయన బండి గొలుసుకు అదే, వంటింటి గోడమీద నూనె మరకలకు అదే. సీసా కావాలి, సీసా తెచ్చే మనిషి దగ్గరికొస్తే మాత్రం ముక్కు మూసుకోవాలి.

మా ఆయనా నేనూ ఒకేచోట పనిచేస్తాం. లారీలూ బస్సులూ తిప్పే ఒక పెద్ద కంపెనీ వర్క్‌షాపు. ఆయన విడిభాగాల స్టోర్సులో, నేను ఇంజన్లలోంచి విప్పిన నాజిళ్లు కడిగే గదిలో. నాజిల్ అంటే వేలెడంత ఇనుప గొట్టం, లోపల ఒక సన్నటి సూది. ఇంజన్‌లోకి డీజిల్‌ని పొగమంచులా చిమ్మేది అదే. దానికి పట్టిన మసీ బంకా వదిలించడానికి మా ముందు రెండు ట్రేలు. ఒకదాంట్లో పెట్రోలు, ఇంకోదాంట్లో థిన్నరు. ఆరుగురు ఆడవాళ్లకి ఒక కిటికీ. "ఆడవాళ్ల వేళ్లు సన్నం, ఓపిక ఎక్కువ" అని మేస్త్రీ ఏరికోరి మమ్మల్నే పెట్టించాడు. మొదట్లో గ్లౌజులిచ్చారు. అవి పెట్రోల్లో నాని ఉబ్బిపోయేవి, పైగా వాటితో సూది వేళ్లకు తెలియదు. సూది తెలియకపోతే మా పనే లేదు. కడిగిన సూదిని గొట్టంలోంచి కొంచెం పైకి లాగి వదిలేస్తే, తన బరువుకి తనే, తొందరపడకుండా, ఎక్కడా ఆగకుండా జారి కూర్చోవాలి. మధ్యలో తట్టుకుంటే మళ్లీ కడగాలి. ఏ సూదికి ఆ గొట్టమే, జత మారిస్తే రెండూ పనికిరావు. "పెళ్లిళ్లు ఇలా కుదిర్చే మేస్త్రీ ఎక్కడైనా ఉంటే చెప్పవే" అని నా పక్కన కూర్చునే అక్క నవ్వేది. దాచడమెందుకు, నాకా పని ఇష్టం. సూది అలా నిదానంగా జారుతుంటే చూడటం నాకు రోజూ కొత్తగానే ఉండేది. ఇంట్లో నేను చేసిన ఏ పనీ 'అయింది, బాగా అయింది' అని నాకెప్పుడూ చెప్పలేదు.

జబ్బులు ఎప్పుడు మొదలయ్యాయో సరిగ్గా గుర్తులేదు. ముందు నోటిపూత, తర్వాత చంకల్లో సెగగడ్డలు. వీధిలో ఎవరికి జ్వరం తగిలినా మూడోరోజుకి నాకు, వాళ్లకి తగ్గిన మూడు వారాలక్కూడా నాకు. ముప్పై రెండేళ్లకే నడుం చుట్టూ సర్పి. "నీ ఒంటి తత్వమే అంత" అనేవారు మా ఆయన, మాత్ర చేతిలో పెడుతూ. మంచిగానే అనేవారు. తత్వం అనే మాట ఎంత సుఖమైందో నాకప్పుడు తెలియలేదు. తత్వమైతే ఇక ఎవరూ ఏమీ చెయ్యక్కర్లేదు కదా. కంపెనీవాళ్లు ఏటా తీసే రక్తపరీక్షలో కూడా 'సాధారణం' అనే వచ్చేది. ఆ కాగితం చూపించి "చూశావా, నీకేం లేదు" అనేవారు.

అత్తయ్యది ఇంకో సిద్ధాంతం. "ఇక్కడున్నన్నాళ్లూ ముక్కుతూ మూలుగుతూ ఉంటుంది. పుట్టింటికి పోతే చాలు, నిగనిగలాడుతూ తిరిగొస్తుంది. రోగం ఒంట్లో ఉంటే అక్కడికీ వెళ్లాలి కదా? మా గుమ్మంలోనే ఎందుకు ఆగిపోతుంది?" ఈ మాట చుట్టాల ముందు అనేది, పక్కింటావిడ ముందు అనేది, ఒకసారి కూరగాయల కొట్టతని ముందు కూడా అంది. నావన్నీ నాటకాలని అర్థం. నేను తలొంచుకుని వంకాయలు ఏరుకున్నాను. నిజంగానే నాటకమేమో, నాకే తెలియకుండా ఆడుతున్నానేమో అని కూడా అనుకున్నాను. ఒకే మాట వెయ్యిసార్లు వింటే సొంత ఒళ్లే అబద్ధాలకోరులా కనిపిస్తుంది.

అసలు నన్ను ఏరి తెచ్చుకున్నది ఆవిడే. నన్ను చూడటానికి వచ్చిన రోజున, అప్పట్లో మా పుట్టింటివాళ్లుండే మూడంతస్తుల ఇంట్లో కింద కుళాయి దగ్గర నిలబడి, "రెండు బకెట్లు నింపుకుని పైదాకా ఎక్కమ్మా, చూస్తాను" అంది. మా అమ్మ మొహం మాడిపోయింది. నేను నింపుకుని ఎక్కాను. వెనక్కి తిరిగి చూడలేదు. సంతలో ఎద్దుని నడిపించి చూసినట్టు నన్ను చూశారన్న సిగ్గు పదకొండేళ్లయినా పోలేదు. ఎవరికీ చెప్పుకోలేదు.

ఈసారి జ్వరం పదిహేను రోజులైనా వదల్లేదు. ఆస్పత్రిలో డాక్టరమ్మ రక్తపరీక్ష రాసింది. ల్యాబ్‌లో రక్తం తీసే ఆవిడని అందరూ ల్యాబక్క అంటారు. నరం కోసం నా చెయ్యి తిప్పుతూ, తెల్లగా పగిలిపోయిన నా వేళ్లు చూసి ఆగింది.

"ఏం పని చేస్తావమ్మా?"

తొమ్మిదేళ్లలో ఏ డాక్టరూ నన్నడగని ప్రశ్న అది. ఏం తిన్నావు, నిద్ర పడుతోందా, నెలసరి సక్రమంగా వస్తోందా, అన్నీ అడిగారు. ఇదొక్కటే అడగలేదు. చెప్పాను. పెట్రోలు, థిన్నరు, ఉట్టి చేతులు, రోజుకి ఎనిమిది గంటలు. ఆవిడ నరం దొరకబుచ్చుకుని రక్తం తీసింది. మర్నాడు రిపోర్టు కోసం వెళితే కాగితం ఇవ్వకుండా, "లోపలికి రా, నీకొకటి చూపిస్తాను" అంది.

నేనెప్పుడూ మైక్రోస్కోపులో చూడలేదు. ముందు నా కనురెప్పల వెంట్రుకలే కనిపించాయి. తర్వాత ఉన్నట్టుండి వెలుతురు. ఆ వెలుతురు నిండా లేత గులాబీ రంగు బిళ్లలు, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ, చూపు ఆనినంత మేరా అవే. "అవి ఎర్రకణాలు, వాటినొదిలెయ్. నేను వెతికేది వేరే" అంటూ ల్యాబక్క పక్కన మర తిప్పుతోంది. బిళ్లలు జరుగుతున్నాయి, జరుగుతున్నాయి. "మామూలుగా అయితే ఈపాటికి నాలుగైదు కనిపించాలి" అంది. ఇంకాస్త జరిపింది. "ఆఁ, ఇదిగో."

ఒకటే ఒకటి. చుట్టూ ఉన్నవాటికంటే పెద్దది. లోపల ముదురు ఊదారంగులో మూడు గింజలు, సన్నని దారంతో కలిపి కుట్టినట్టు. ఇది నాది. నా లోపల ఉండేది. నేను అంట్లు తోమినప్పుడూ తిట్లు తిన్నప్పుడూ నాతోనే ఉండి, ఒక్కసారి కూడా నేను మొహం చూడనిది.

"దీని పనేంటో తెలుసా?" అంది ల్యాబక్క. "నీ ఒంట్లోకి ఏ సూక్ష్మజీవి దూరినా ముందు పరిగెత్తేది ఇదే. దాన్ని మింగేస్తుంది. మింగి, తనూ చచ్చిపోతుంది. సెగగడ్డలో చీముంటుందే, అందులో ఉండేవి ఎక్కువగా ఇవే."

నేను అసహ్యించుకుని, ఎవరి కంటా పడకుండా గుడ్డతో తుడిచి పారేసింది వీటినా! నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నా కోసం చచ్చిపోయినవాటిని నేను రోతగా చూశాను.

"ఇవెక్కడ పుడతాయక్కా?"

"ఎముకల్లో, మూలుగలో. ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఒక్కరోజులో పదివేల కోట్ల దాకా పుడతాయంటారు. చాలావాటికి ఒకటి రెండు రోజులే ఆయుష్షు. మళ్లీ రేపటికి కొత్తవి పుట్టాలి."

"రోజూనా? ఆదివారం కూడానా?"

ఆవిడ పకపకా నవ్వింది. నేను నవ్వులాటకి అడగలేదు. ఆదివారం లేని పని ఎలా ఉంటుందో నాకు తెలుసు. పదివేల కోట్లు! ఏ లెక్కల పుస్తకంలోకీ ఎక్కని, కడుపుకి తప్ప ఎవరికీ తెలియని వంటలాంటి పని, నా ఎముకల్లో, నేను పుట్టినప్పట్నుంచీ, ఒక్కపూట పొయ్యి ఆర్పకుండా జరుగుతోంది. నేను మూలుగుతూ మంచమెక్కి, అత్తయ్య చేత 'సోమరిపోతు' అనిపించుకున్న రోజున కూడా నా లోపల ఎవరూ మంచమెక్కలేదు. నా ఒంటి తత్వం ఇదన్నమాట. ఇంత గొప్పదాన్నా నేను 'నా పాడు ఒళ్లు' అని తిట్టుకుంటూ వచ్చింది!

ల్యాబక్క ఇంకోటి వెతికి చూపించింది. చిన్నది, గుండ్రటిది. "ఇది వేరే రకం. వీటిల్లో కొన్నిటికి జ్ఞాపకం ఉంటుంది. ఎప్పుడో వచ్చిన రోగాన్ని ముప్పై ఏళ్ల తర్వాత కూడా గుర్తుపడతాయి. చిన్నప్పుడు ఆటలమ్మ పోసి తగ్గిపోయిందనుకుంటాం. పోదు, నరాల మూలల్లో పడుకునుంటుంది. ఇవి దాన్ని లేవనివ్వవు. వీటి బలం తగ్గిందంటే సర్పిగా లేస్తుంది."

ఎన్నేళ్లయినా దేన్నీ మరిచిపోనివి. మా అత్తయ్యలాంటివన్నమాట అనుకున్నాను, ఆ క్షణంలో కూడా.

తర్వాత ఆవిడ గొంతు తగ్గించి చెప్పింది. పెట్రోల్లో బెంజీన్ అనేది ఒకటి ఉంటుంది, కొన్ని థిన్నర్లలో కూడా. ఊపిరితో లోపలికెళుతుంది, చర్మంలోంచి కూడా కొంత వెళుతుంది. ఏళ్ల తరబడి వెళితే ఆ మూలుగనే దెబ్బతీస్తుంది, కణాలు పుట్టడమే తగ్గిపోతుంది. "ఆవగింజంత రక్తపు బొట్టుకి నీకు ఈ తెల్లకణాలు రెండువేల నాలుగొందలున్నాయి. నాలుగువేలకి తక్కువ ఉండకూడదు. కానీ నీది ఆ పనివల్లేనని ఈ ఒక్క కాగితంతో ఎవరూ చెప్పలేరమ్మా. పాత రిపోర్టులు ఏమైనా దాచావా?"

నేను మళ్లీ వంగి ఆ చిన్న గుండ్రటిదాన్ని చూశాను. "ఇంత కొద్దిమందే మిగిలి ఇల్లంతా నెట్టుకొస్తున్నారా తల్లీ" అని పైకే అనేశాను.

పాత రిపోర్టులన్నీ నా బట్టల అడుగున ఒక ప్లాస్టిక్ కవర్లో ఉన్నాయి. ఇంటికొచ్చి మంచమ్మీద పరిచాను. ఒకదాంట్లో ఆరువేలు, ఇంకోదాంట్లో మూడువేలు, మళ్లీ ఐదు, మళ్లీ మూడు. ఎందుకు పెరిగాయో ఎందుకు తగ్గాయో ఎంతకీ అంతుపట్టలేదు. వంటింట్లోంచి అత్తయ్య గొంతు వినిపించింది, పక్కింటావిడతో కిటికీలోంచి మాట్లాడుతోంది. నా గురించే. పుట్టింటి సంగతే. వింటూ వింటూ ఠక్కున లేచాను.

నేను వెళ్లేసరికి పక్కింటావిడ తప్పుకుంది. అత్తయ్య చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నేనూ ఒక గుప్పెడు తీసుకుని పక్కన కూర్చున్నాను.

"అత్తయ్యా, నేను పుట్టింటికెళ్లి నిగనిగలాడుతూ వచ్చానంటారే, ఎప్పుడెప్పుడు?"

పోట్లాటకొచ్చాననుకుంది. ఆవిడకి పోట్లాటంటే పండగే.

"ఎప్పుడేమిటి? పాప పుట్టినప్పుడు ఐదు నెలలు. ఎండలు ముదరకముందు వెళ్లి, వానలు పడ్డాక వచ్చావు. బుగ్గలు ఇంతింత! ఏడాది తిరిగిందో లేదో నోట్లో పుండ్లు. ఆ తర్వాత మీ నాన్న కాలు విరిగినప్పుడు రెండు నెలలు. ఆయనకి కాలు విరిగితే, ఇక్కడ వంటింట్లో నాకు నడుం విరిగింది, మర్చిపోతానా? సర్పి అప్పుడు నెలా పదిహేను రోజులు. నీ నీలం బకెట్టు బోర్లించుకుని దానిమీద కూర్చుని అంట్లు తోమాను. లేవలేక గోడ పట్టుకున్నాను."

నేను చిక్కుళ్లు వదిలేసి ఆవిడ మొహంలోకి చూశాను. ఇన్నాళ్లూ ఆవిడ నన్ను దెప్పడానికే గుర్తుపెట్టుకుందనుకున్నాను. కాదు, నేను లేని ప్రతిరోజూ నా పని ఆవిడ మీద పడింది. ఆ నడుంనొప్పే రోజులతో సహా గుర్తుపెట్టుకుంది. ఈ ఇంట్లో ఇంకెవరికైనా అవి ఎలా గుర్తుంటాయి? ఇంకెవరికీ ఆ రోజుల్లో ఏమీ మారలేదు.

కాగితాలు తెచ్చి ఆవిడ ముందే పేర్చాను. పురుడయి మళ్లీ పనిలోకి వెళ్లబోయే ముందు ఆరువేల నాలుగొందలు. ఏడాది తర్వాత మూడువేల మూడొందలు. నాన్న దగ్గర్నుంచి వచ్చిన వారానికి ఐదువేల ఎనిమిదొందలు, ఆరు నెలలకి మూడువేల ఒక వంద. సర్పి వచ్చినప్పుడు రెండువేల తొమ్మిదొందలు, తిరిగొచ్చాక నాలుగువేల ఏడొందలు. కూరగాయల కొట్టు ముందు నన్ను తలవంచుకునేలా చేసిన ఆ మాట, అక్షరాలా నిజం! రోగం నిజంగానే పుట్టింటికి రాలేదు. కాకపోతే అది ఆగిపోయింది మా గుమ్మంలో కాదు, ట్రేల దగ్గర. మరి కంపెనీవాళ్ల 'సాధారణం' ఎలా వచ్చింది? అది కూడా అప్పుడే తట్టింది. ఏటా యంత్రాల మరమ్మతుకని వర్క్‌షాపు మూడు వారాలు మూసేస్తారు. తెరిచిన రోజు పొద్దున్నే, ఇంకా ట్రేల మూతలు తియ్యకముందే, అందరూ ఒకచోట దొరుకుతారని వరసలో నిలబెట్టి రక్తం తీస్తారు. ఎవరి కుట్రా కాకపోవచ్చు. వాళ్లకి అదే వీలు.

డాక్టరమ్మ అన్నీ చూసి కంపెనీకి ఉత్తరం రాసింది. నన్ను ట్రేల దగ్గర్నుంచి తప్పించాలనీ, మిగతా ఐదుగురికీ పని జరిగే రోజుల్లోనే పరీక్ష చెయ్యాలనీ. నాలుగోరోజున దానికి జవాబుగా ఒక కాగితం మా ఆయన జేబులో ఇంటికొచ్చింది.

"సంతకం పెట్టెయ్. గొడవెందుకు, నా ఉద్యోగం కూడా అక్కడే కదా" అన్నారు. ఆయన మొహంలో కోపం లేదు, భయముంది. "ఏముంది అందులో?" అని అడిగాను. చదివారు. "నా ప్రస్తుత అనారోగ్యం నేను ఉద్యోగంలో చేరక ముందు నుంచీ ఉన్నదేనని, వ్యక్తిగత కారణాలతో ఉద్యోగం మానుకుంటున్నానని..."

"ఆగు" అంది అత్తయ్య గదిలోంచి. "ముందు నుంచీనా?"

"అది మామూలుగా అలాగే రాస్తారమ్మా."

"మామూలుగా ఎలా రాస్తార్రా? ముందు నుంచీ అంటే ఎప్పట్నుంచి? నేను చూసి చేసుకున్నప్పట్నుంచా? రోగిష్టి పిల్లని తెచ్చుకునేంత గుడ్డిదాన్నా నేను?"

మా ఆయన కాగితం మడిచేశారు. ఆ సంతకం పెడితే రోగం నా పేరు మీద రాసుకుని నేను ఇంటికొచ్చేస్తాను, ఆ కిటికీ దగ్గర 'సాధారణం' అనే కాగితాలతో ఐదుగురు మిగిలిపోతారు. నా పక్కన కూర్చునే అక్కకి నెలరోజులుగా నోటిపూత తగ్గడం లేదు. మర్నాడు పొద్దున సంతకం లేని ఆ కాగితమూ నా రిపోర్టులూ పట్టుకుని కంపెనీ డాక్టరు దగ్గరికి వెళ్లడానికి నేను చెప్పులేసుకునేసరికి అత్తయ్య ఇస్త్రీ చీర కట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

కంపెనీ డాక్టరు గది చల్లగా ఉంది. ఆయన మర్యాదస్తుడే. కూర్చోమన్నాడు, కాగితం నా ముందు పెట్టి కలం ఇచ్చాడు. నేను మూత తీశాను కానీ రాయలేదు. నా రిపోర్టులు తేదీల వరసన ఆయన ముందు పేర్చి, ఎప్పుడు పనిలో ఉన్నానో ఎప్పుడు లేనో ఒక్కొక్కటే చెప్పాను. నా వెనక పదివేల కోట్ల మంది ఉన్నట్టనిపించింది.

"ఏటా మీ పరీక్ష సాధారణమే కదమ్మా" అన్నాడాయన.

"అది మూడు వారాలు మూసి తెరిచిన రోజు తీసింది సార్. ఈసారి పని జరిగే వారంలో తియ్యండి. శనివారం, పని దిగే వేళకి. నా ఒక్కదానిదే కాదు, మా ఆరుగురిదీ."

ఆయన కాసేపు కాగితాలు తిప్పాడు. ఒక్కో అంకె దగ్గరా ఆగాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. "ఇవన్నీ పనిలో చేరిన తర్వాతవి. చేరకముందు మీ ఆరోగ్యం ఎలా ఉండేదో రికార్డు లేదు. అప్పట్లో చేర్చుకునేముందు మేం పరీక్ష చేసేవాళ్లం కాదు."

"నేను చేశాను" అంది అత్తయ్య.

"మీరెవరండీ?"

"దీని అత్తగారిని. రెండు బకెట్ల నీళ్లతో మూడంతస్తులు ఎక్కించాను, ఆయాసం పిల్లని అంటగడతారేమోనని. ఎక్కడ ఆగుతుందో చూద్దామని వెనకే ఎక్కాను. రెండో అంతస్తులో నేను ఆగిపోయాను బాబూ, ఉట్టి చేతులతో. ఇది ఆగలేదు. మెట్ల మీద చుక్క నీరు ఒలకలేదు. అలాంటి పిల్లని మీ దగ్గరికి పనికి పంపాను." అత్తయ్య బల్ల మీద చెయ్యి ఆనించి ముందుకి వంగింది. "ఏం చేశారు దాన్ని?"

నేను కలానికి మూత పెట్టాను.